అప్‌డేట్: ఆకు మీద దొరికిన నీలి "చీమ" ఏమిటో తేలింది

పొద ఆకుల మీద చకచకా తిరుగుతున్న, సన్నటి మెడ ఉన్న నీలిరంగు పురుగు ఫోటో పెట్టి ఇది చీమేనా అని అడిగాను. జవాబిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. "మీసాలు చూడండి" అన్న సలహాయే పనిచేసింది. చీమ మీసం మోచేయిలా మడిచి ఉంటుంది, దీనిది దారంలా సాగిపోయింది. చీమకుండే నడుము కణుపు కూడా లేదు, పొట్టను గట్టి రెక్కపెంకులు కప్పేశాయి.

ఫోటోలు చూసిన కీటక శాస్త్రవేత్త ఇది నియోకాలిరిస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పురుగని ఖాయం చేశారు. చెట్లపై బతికే టైగర్ బీటిల్ (ఇతర పురుగులను వేటాడే పెంకుపురుగు), ఆసియా ఉష్ణమండల అడవులది. ఉబికిన కళ్ళు, కొడవలి దవడలు, సీసా మెడలాంటి వక్షం చాలన్నారు. కచ్చితమైన జాతి మాత్రం ఫోటోతో తేలదట.

రంగు గురించి జరిగిన చర్చ అక్కరకు రాలేదు. ఆ మెరిసే నీలం ఈ ప్రజాతిలో చాలా జాతులకు ఉంది.

ఒక కొసరు: నేల మీది టైగర్ బీటిళ్ల పిల్లపురుగులు మట్టిలో బొరియ చేస్తే, వీటివి సన్నటి కొమ్మను తొలిచి, వీపు మీది కొక్కేలతో లోపల పట్టు బిగించి, రంధ్రం దగ్గరకొచ్చిన పురుగులను పట్టుకుంటాయి.