కారడం, కురవడం, ఊరడం, చెమర్చడం: ‘లీక్’ ఒక్కటి చాలుతుందా?

నిన్న ఒకరు ‘లీక్’కి సరైన తెలుగు నామవాచకం ఏదని అడిగారు. కింద ‘స్రావం’ అని జవాబొచ్చింది. రక్తస్రావం విని విని ఉన్న చెవికి ‘కుళాయి స్రావం’ అంటే కుళాయికి కట్టు కట్టి పడుకోబెట్టాలనిపిస్తుంది. పోనీ ‘కురియు’ నుంచి ఒక నామవాచకం చేద్దామా అంటే అది కాస్తా ‘కురుపు’ అయి కూర్చుంటుంది. నాకు తోచింది చెబుతాను. ఈ విషయంలో మనవాళ్ళు పనంతా క్రియలతోనే కానిచ్చారు, నామవాచకం అవసరం పెద్దగా పడలేదు.

ఇది నాకు సింకు కింద వెల్లకిలా పడుకున్నప్పుడు తెలిసింది. చల్లనీళ్ళ గొట్టం కింద రోజూ చిన్న మడుగు కట్టేది. లీకే అనుకున్నాను. జాయింటు విప్పి, మరల మీద తెల్లటేపు చుట్టి మళ్ళీ బిగించాను. మర్నాటికి తడి. ఎపాక్సీ ముద్ద పిసికి జాయింటు చుట్టూ మెత్తాను. మళ్ళీ తడే. మూడోసారి టార్చి పట్టుకుని దూరితే, వెనకనుంచి మా పిన్ని వంగి చూసి, “కారడం కాదురా అది, గొట్టం చెమరుస్తోంది” అంది. చేత్తో తడిమితే నిజమే. జాయింటుకి జానెడు దూరంలో కూడా గొట్టం పొడుగునా ఆవగింజలంత బొట్లు. గదిలో 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నాయనుకోండి, సుమారు 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనిమీదైనా గాలిలోని ఆవిరి నీరై అంటుకుంటుంది. అంటే నేను రెండురోజులుగా గొట్టంలోంచి రాని నీళ్ళని గొట్టంలోనే ఆపుదామని తంటాలు పడుతున్నాను! గొట్టానికి స్పాంజిలాంటి ఫోమ్ తొడుగు ఒకటి తొడిగాను, మడుగు పోయింది.

‘లీక్’ అనుకున్నంతసేపూ టేపు చుట్టాను. ‘చెమర్చడం’ అనగానే తొడుగు వెతుక్కున్నాను. కళ్ళు చెమర్చాయంటాం చూడండి, అదే మాట. చెమ్మ, చెమట కూడా ఆ గూటివే.

ఇక ‘కారడం’. ముక్కు కారుతుంది, ముక్కులోంచి నీళ్ళూ కారతాయి. కుళాయి కారుతోంది, కుళాయిలోంచి నీళ్ళు కారుతున్నాయి. కర్త నీళ్ళు వచ్చే చోటైనా సరే, వచ్చే నీళ్ళైనా సరే, ఈ క్రియకి పట్టింపు లేదు. పనిలోకి దిగితే మాత్రం ఎక్కడ కారుతోందన్నదానికి పట్టింపు ఉంది. కట్టేసినా మూతి నుంచి బొట్లు పడుతుంటే సాధారణంగా లోపలి వాషరు అరిగినట్టు. తిప్పినప్పుడు మాత్రమే పిడి కింద, కాడ చుట్టూ నీరొస్తుంటే వాషరు జోలికి పోనక్కర్లేదు, కాడకున్న రింగు చూడాలి. “బొట్టే కదా” అని వదిలేసేవాళ్ళకి ఒక లెక్క: సెకనుకో బొట్టంటే రోజుకి 86,400 బొట్లు. బొట్టు పావు మిల్లీలీటరు వేసుకున్నా 21 లీటర్ల పైమాట.

నాకు అన్నిటికంటే ముచ్చటైనది ‘కురవడం’. వాన కురుస్తుంది. ఆ వానకి ఇల్లూ కురుస్తుంది. బయట మబ్బు చేసే పనే లోపల కప్పు చేస్తోందన్నమాట. ఇంత కచ్చితంగా చెప్పిన మాటని వదిలేసి ‘రూఫ్ లీకేజీ సమస్య’ అని రాస్తున్నాం. కురిసే ఇంటితో ఒక చిక్కుంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా, బొట్టు పడినచోటే పైన పగులుండాలని లేదు. ఎక్కడో దూరి, కప్పు లోపల వాలు వెతుక్కుంటూ నడిచి, ఫ్యాను కొక్కెం దగ్గర బయటపడొచ్చు. కింద మరక చూసి సరిగ్గా దాని నెత్తిన సిమెంటు పూసేవాళ్ళు మరుసటి వానకి మళ్ళీ బకెట్టు వెతుక్కుంటారు.

చివరగా ‘ఊరడం’. బావి ఊరుతుంది, చెలమ ఊరుతుంది, నోరూరుతుంది. లోపలనుంచి మెల్లగా, కనిపించకుండా వచ్చేది ఊట. నేలలోని తడి ఇటుకల సన్నటి రంధ్రాల వెంట పైకి పాకితే గోడ అడుగున ఆ తడి ఊరుతుంది. వస్తూ వస్తూ ఉప్పుని కరిగించుకొస్తుంది. నీరు ఆవిరైపోయాక తెల్లటి పొడి మిగులుతుంది, పైపూత పెచ్చులూడుతుంది. అయితే గోడ ఊరుతోందా, చెమరుస్తోందా? చూస్తే రెండూ తడిగోడలే. అరచేతికి రెండింతలుండే అల్యూమినియం రేకు కాగితాన్ని, పైతడి తుడిచి ఆరిన గోడకి, నాలుగు అంచులూ టేపుతో మూసేసి అంటించండి. ఒక రోజాగి చూడండి. రేకు పైన బొట్లుంటే చెమర్చింది, గాలి ఆడనివ్వాలి. రేకు వెనక తడుంటే ఊరుతోంది, ఎన్ని పూతలు రంగేసినా దాగదు.

ఒక జవాబు:
బాగుందండీ. తెలంగాణలో ఇల్లు ‘ఉరుస్తుంది’ అని కూడా అంటారు, అదీ చేర్చండి. ఇంకొకటి, రహస్యం లీక్ అయిందనడానికి మనకి ‘పొక్కింది’ ఉంది కదా. తడిగోడ మీద వేసిన రంగు బొబ్బలెక్కినా ‘పొక్కింది’ అనే అంటాం.

నేను:
భలే పట్టారండీ! నాకు తట్టనే లేదు. రంగు వేసి దాచిపెట్టిన తడి బయటపడిందంటే, రెండర్థాలూ ఒక్కచోటే కలిశాయి. ‘ఉరవడం’ మరిచిపోవడం నా తప్పే.

ఇంకో జవాబు:
గ్యాసు సంగతేమిటి మరి? కారదు, కురవదు.

నేను:
గాలిలాంటివి ‘పోతాయి’. టైరులో గాలి పోతోంది, గ్యాసు పోతోంది. కంటికి కనబడదు కాబట్టి సబ్బునురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడటమే. అగ్గిపుల్ల గీసి చూసే పని మాత్రం ఎవరూ చేయకండి.

ఇంకో జవాబు:
అన్నా, మా కమోడు ట్యాంకు ఇవేవీ చేయట్లేదు. నేల పొడిగా ఉంది, కారుతున్న చప్పుడు లేదు. కానీ ఎవరూ నొక్కకుండానే అర్ధరాత్రి ట్యాంకు తనంతట తాను నిండుతోంది. దీనికేం క్రియ వాడాలి?

నేను:
“నీళ్ళు నిలవడం లేదు” అనాలి తమ్ముడూ. చిల్లికుండకి చెప్పే మాటే. అడుగునున్న రబ్బరు మూత సరిగ్గా కూర్చోక నీళ్ళు లోలోపలే కిందికి దిగిపోతుండొచ్చు. ట్యాంకులో నాలుగు చుక్కలు ముదురు రంగు వేసి, అరగంట ఎవరినీ నొక్కనివ్వకుండా చూడు. కింద గిన్నెలోకి రంగు దిగిందా, ఆ మూతదే తప్పు.

అదే తమ్ముడు:
నీలంరంగు వేశాను. ఇరవై నిమిషాలకే దిగింది. మూత మార్చేదాకా ట్యాంకు మీద ‘నీళ్ళు నిలవవు’ అని కాగితం అంటించాను. ఇంట్లోవాళ్ళు అది చూసి బకెట్టుతో నీళ్ళు మోసుకెళ్తున్నారు.