లోకాయుక్తలో ‘ఆ’ ఎక్కడిది?

పత్తికొండ కోడలు:
మా మామగారు 1984లో ఆ పదవులు తీసేసేదాకా కరణీకం చేశారు. సాయంత్రం దస్త్రాలు కట్ట కడుతూ ఒక శ్లోకం అనేవారు. చేప నీళ్లలో తిరుగుతూ నీళ్లు తాగితే ఎవరికి తెలుస్తుంది అని భావం. ‘మత్స్యా యథా’ అని మొదలు. తర్వాత ‘యుక్తా’ అనో ‘ఆయుక్తా’ అనో వస్తుంది. మిగతాది మరిచిపోయాను. అత్తగారి పింఛను ఫైలు ఒక ఆఫీసులో పధ్నాలుగు నెలలుగా కదలడం లేదు. లోకాయుక్తకు ఫిర్యాదు రాద్దామని కూర్చుని, పైన ఆ మాట రాయగానే శ్లోకం గుర్తొచ్చింది. రెండూ ఒకే మాటా? పూర్తి శ్లోకం ఎవరికైనా వచ్చా?

కృష్ణాతీరం:
అర్థశాస్త్రం, రెండో అధికరణం, తొమ్మిదో అధ్యాయం.

మత్స్యా యథాన్తస్సలిలే చరన్తో
జ్ఞాతుం న శక్యాః సలిలం పిబన్తః
యుక్తాస్తథా కార్యవిధౌ నియుక్తా
జ్ఞాతుం న శక్యా ధనమాదదానాః

నీళ్లలో చేప నీళ్లు తాగడం ఎలా తెలియదో, పనిలో పెట్టిన యుక్తులు, అంటే ఉద్యోగులు, సొమ్ము తినడమూ అలాగే తెలియదని అర్థం. ‘యుక్తా’నే. ‘ఆయుక్తా’ అంటే ఒక గురువు ఎక్కువై ఇంద్రవజ్ర వృత్తం చెడిపోతుంది. లోకాయుక్త కూడా లోక + యుక్తే అయ్యుండాలి. దీర్ఘం హిందీ వాళ్లు లాగింది.

శాసనాల సంచి:
ఎవరూ లాగలేదండీ. లోక + ఆయుక్త, సవర్ణదీర్ఘం. ఆయుక్త అంటే నియమించిన అధికారి, చాలా పాత మాట. సముద్రగుప్తుడి ప్రయాగ స్తంభశాసనంలో ‘వ్యాపృతాయుక్తపురుషస్య’ అని ఉంది. ఓడిన రాజుల సంపద వాళ్లకు తిరిగి ఇచ్చే పనిలో ఎప్పుడూ మునిగి ఉండే అధికారులు వీళ్లు. పోయిన సొమ్ము తిరిగి ఇప్పించే ఉద్యోగి! లోకాయుక్త అనగానే నాకు వీళ్లే గుర్తొస్తారు.

కృష్ణాతీరం:
శాసనం ఒప్పుకున్నాను. కాని లోక + అయుక్త అన్నా అదే దీర్ఘం కదా? అయుక్తం అంటే తగనిది. మాటను చూసి ఎలా తేల్చడం?

శాసనాల సంచి:
సందర్భమే తేలుస్తుంది. మీ యుక్తల కోసం కౌటిల్యుడి దాకా కూడా వెళ్లక్కర్లేదు, కోడలుగారి ఊరికి దగ్గర్లోనే అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి ఉంది. యుతులు, రజ్జుకులు, ప్రాదేశికులు అనే అధికారులు ఐదేళ్లకోసారి పర్యటనకు వెళ్లాలని అశోకుడి మూడో శాసనం. యుక్తకు ప్రాకృతమే ‘యుత’. ఆ బండలను పొద్దుటి ఏటవాలు ఎండలో చూడాలి. నేను మొదటిసారి మధ్యాహ్నం వెళ్లి ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను.

సమాసం మాస్టారు:
మీరిద్దరూ ‘ఆ’ దగ్గరే ఆగిపోయారు. అసలు తగాదా విభక్తిలో ఉంది. లోకం చేత ఆయుక్తుడా, లోకం కోసం ఆయుక్తుడా? మన లోకాయుక్తలాగే సర్కారు మీద ఫిర్యాదులు విచారించడానికి స్వీడన్‌లో 1809లో ఏర్పాటైన అంబుడ్స్‌మన్‌ను ఎన్నుకునేది పార్లమెంటు, రాజు కాదు. వాళ్ల భాషలో ‘ఓంబుడ్’ అంటే ఒకరి తరఫున నిలబడే మనిషి. అక్కడ తృతీయ, అంటే ‘చేత’, చెల్లుతుంది. మన 1983 చట్టంలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి గవర్నరు నియమిస్తారు. కాబట్టి మనది చతుర్థి, అంటే ‘కోసం’. సర్కారు తప్పు తేల్చి సిఫారసు పంపితే, దాన్ని అమలు చేయాల్సింది మళ్లీ ఆ సర్కారే. ‘చేత’కూ ‘కోసం’కూ మధ్య ఉన్న ఈ దూరం గురించి ఎవరూ మాట్లాడరు. నాకు బాధంతా అక్కడే.

కందం పిచ్చి:
కరణీకం మాట వచ్చాక సుమతీ శతకం బద్దెనను తలుచుకోకుండా ఎలా?

కరణముఁ గరణము నమ్మిన
మరణాంతక మౌను గాని మనలేడు సుమీ
కరణము తన సరి కరణము
మరి నమ్మక మర్మ మీక మనవలె సుమతీ

‘తన సరి’ అన్న రెండు మాటల్లో ఎంత ఉందో చూడండి. సాటివాడి లెక్క సాటివాడు చూస్తే కుదరదు, బయటి మనిషి కావాలి. మాస్టారు చెప్పిందే ఇది.

సమాసం మాస్టారు:
నేను చెప్పింది అది కాదమ్మా. ‘మర్మ మీక’ దగ్గర ఆగి చదువు. గుట్టు బయటపెట్టకుండా బతకమంటున్నాడు. దాపరికం నేర్పే పద్యం. అంబుడ్స్‌మన్ పని గుట్టు విప్పడం.

కందం పిచ్చి:
దాపరికం సాటి కరణం దగ్గరే కదండీ! ఊరి దగ్గర దాచమని ఎక్కడున్నాడు? బద్దెన ఆ కచేరీల లోపల కూర్చుని చూసినవాడిలా రాశాడు. ‘అడిగిన జీతంబియ్యని’ పద్యం తీయండి, అందులోనూ అంతే...

కృష్ణాతీరం:
ఆ పద్యాలు బద్దెనవే అని తేలిందా?

కందం పిచ్చి:
దానికి వేరే చర్చ పెడదాం.

పత్తికొండ కోడలు:
శ్లోకం ఇచ్చినందుకు కృష్ణాతీరం గారికి దండం. ఛందస్సు ఒప్పుకోదన్నారు గాని, మామగారు ‘పిబన్తః’ దగ్గర ఆగి, కట్ట ముడి బిగించి, ‘ఆ... యుక్తా’ అనేవారు. నా చెవిలో అలాగే ఉంది. అఫిడవిట్ ఇవాళ నోటరీ చేయించాను. ‘గౌరవ లోకాయుక్త వారికి’ అని రాశాను. మాస్టారూ, ఈ ‘కి’ చతుర్థా?

సమాసం మాస్టారు:
షష్ఠి. చిన్నయసూరి లెక్క అంతే.

శాసనాల సంచి:
ప్రత్యయం షష్ఠిదే, అర్థం మాత్రం చతుర్థిది మాస్టారూ. శాసనాల్లో దానం ఇచ్చిన చోటల్లా...