తమ్ముడికి చూపు తక్కువ, కాలేజీని ఏం అడగొచ్చు?

ప్రశ్న (గుంటూరు): మా తమ్ముడు డిగ్రీ మొదటి ఏడాది. ముందు బెంచీలో కూర్చున్నా బోర్డు కనబడదు. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుంటుంటే లెక్చరర్ లాక్కున్నారు. చాలా బాధేసింది. ఏం చేయాలండీ?

జవాబు (విజయవాడ): అమ్మా, నేను లెక్కలు చెబుతాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16, 17 సెక్షన్లు రాసి ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టండి. ఫోన్‌కు అనుమతి, నోట్సు ముందే ఇవ్వడం, పరీక్షకు అదనపు టైము, స్క్రైబ్ (వాడు చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి) అన్నీ అడగండి. నా క్లాసులో అలాంటి అమ్మాయి ఉంది. బోర్డు మీద లెక్క చేస్తూ "దీన్ని ఇటు తెస్తే" అనను, "మైనస్ మూడు ఎక్స్‌ను కుడివైపుకి" అంటాను. వెనక బెంచీలవాళ్లకూ బాగా అందుతోంది. ఇది దయ కాదమ్మా, వాడి హక్కు.

మరో జవాబు: అర్జీకి సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) జత చేయండి. వైకల్యం 40 శాతం లేకపోయినా స్క్రైబ్‌ను అడగొచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రశ్న అడిగినవారు: సర్టిఫికెట్ ఉందండి. సోమవారమే ఇస్తాం.

జవాబు (విజయవాడ): అర్జీ రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.