అప్‌డేట్: ఫోర్‌ట్రాన్–సీ లింకింగ్ గొడవ తీరింది

ముందు అడిగింది ఇదీ: పాకాల చెరువులోకి వచ్చే నీటి లెక్క కట్టే పాత ఫోర్‌ట్రాన్ సబ్‌రొటీన్ 'రన్ఆఫ్'ని సీ భాషలో రాసిన ప్రోగ్రామ్ నుంచి పిలిస్తే, 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' (ఆ పేరు ఎక్కడా దొరకలేదు) అంటూ లింకర్, అంటే కంపైల్ అయిన ఫైళ్లని కలిపే ప్రోగ్రామ్, మొండికేస్తోంది.

మీరు చెప్పినట్టే కంపైల్ అయ్యాక వచ్చిన ఆబ్జెక్ట్ ఫైల్ మీద, అందులోని పేర్లు చూపించే 'ఎన్ఎమ్' కమాండ్ నడిపి చూశాను. సోర్సులో పేరంతా పెద్దక్షరాలు. జీఫోర్‌ట్రాన్ కంపైలర్ మాత్రం చిన్నక్షరాల్లోకి మార్చి, చివర ఒక అండర్‌స్కోర్ తగిలించింది. సీ వైపు ఆ తోక లేదు, ఇక రెండూ ఎక్కడ కలుస్తాయి?

కొందరు సూచించిన 'నో-అండర్‌స్కోరింగ్' ఆప్షన్ పెడితే ఆ ఎర్రర్ పోయి ఇంకోటి మొదలైంది. ఆ ఫైల్ పిలిచే, లాప్యాక్ అనే లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీలోని రొటీన్ 'డీజెస్వ్' దొరకట్లేదట. ఆ ఆప్షన్ ఫైల్‌లోని బయటి పేర్లన్నిటికీ వర్తిస్తుంది, లైబ్రరీలోనేమో అండర్‌స్కోర్ ఉన్న పేరే ఉంది. ఈ సలహా ఇచ్చేవాళ్లు ఆ సంగతి కూడా చెబితే బాగుండు.

చివరికి ఫోర్‌ట్రాన్ 2003లో వచ్చిన 'బైండ్ సీ'తోనే పని అయింది, దాంతో సీకి కనిపించే పేరు మనమే ఇవ్వొచ్చు. అసలు సబ్‌రొటీన్‌ని ముట్టుకోలేదు, ఎందుకంటే దాన్ని వేరే ఫోర్‌ట్రాన్ ఫైళ్లు పాత పేరుతోనే పిలుస్తున్నాయి. దాన్ని పిలిచే చిన్న రాపర్ సబ్‌రొటీన్ రాసి, సీకి కావాల్సిన పేరు అందులో ఇచ్చాను. సీ నుంచి విలువగా వచ్చే ఇంటీజర్‌కి 'వాల్యూ' కూడా పెట్టాలి, లేదంటే ఫోర్‌ట్రాన్ అడ్రస్ కోసం చూస్తుంది, ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది.

విండోస్‌లో ఇంటెల్ కంపైలర్ పేర్లను పెద్దక్షరాల్లో, అండర్‌స్కోర్ లేకుండా ఇస్తుంది. కరీంనగర్‌లో మా ఫ్రెండ్ వాడేది అదే. రాపర్‌లో పేరు మనమే ఇచ్చాం కాబట్టి అక్కడా టెన్షన్ లేదు.