లేహ్‌లో జరిగే ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌కు మన పిల్లలను ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న: హనుమకొండ నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి చదువుతోంది. చిన్నప్పటి నుంచి ఇన్‌లైన్ స్కేటింగ్ (ఒకే వరుసలో చక్రాలుండే బూట్లతో చేసే స్కేటింగ్) చేస్తోంది, జిల్లా స్థాయిలోనూ రాష్ట్ర స్థాయిలోనూ పతకాలు తెచ్చుకుంది. 2025 జనవరిలో లద్దాఖ్‌లోని లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ అనే జాతీయ శీతాకాల క్రీడల్లో తెలంగాణ స్కేటర్ తల్లూరి నయనశ్రీ షార్ట్ ట్రాక్‌లో, అంటే ఐస్ మీద చిన్న చుట్టులో జరిగే స్పీడ్ స్కేటింగ్‌లో, బంగారు పతకం గెలిచిందని చదివిన నాటి నుంచి, తాను కూడా ఐస్ మీద పోటీ పడాలని పట్టుబట్టి కూర్చుంది. ఆ పట్టుదలను కాదనే మనసు నాకు లేదు, కానీ గడ్డకట్టిన నీటిని కంటితో చూసి ఎరుగని పిల్లను ఆ పోటీకి ఎలా సిద్ధం చేయాలో తెలియడం లేదు.

చక్రాల మీద ఇన్నేళ్లు నేర్చుకున్నది ఐస్ మీద ఎంతవరకు పనికివస్తుంది? లేహ్ అంత ఎత్తైన చోట పిల్ల ఆరోగ్యానికి ఇబ్బంది రాదా అని మా ఇంట్లో ఆవిడ భయపడుతోంది, ఆ భయానికి నా దగ్గర సమాధానం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1: స్కేటింగ్ శిక్షకురాలు, హైదరాబాద్

నమస్కారమండీ. నేను చాలాకాలంగా పిల్లలకు స్పీడ్ స్కేటింగ్ నేర్పుతున్నాను, వారిలో కొందరిని ఐస్ మీదికి కూడా తీసుకెళ్లాను కాబట్టి మీ మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పగలను.

మీ అమ్మాయి చక్రాల మీద సంపాదించిన తొడబలం, దమ్ము, పదిమంది మధ్య దారి చూసుకుని దూసుకుపోయే తెలివి, మలుపులో కుడికాలిని ఎడమకాలి మీదుగా దాటించే అలవాటు, ఇవేవీ వృథా పోవు. అమెరికాలో మంచు పడని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఒకాలా అనే ఊళ్లో చక్రాల మీదే పెరిగిన ఎరిన్ జాక్సన్, ఐస్ మీద కొద్ది నెలల సాధనతోనే 2018 ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించి, 2022లో బీజింగ్‌లో 500 మీటర్ల స్వర్ణం గెలిచింది. మన దేశంలో విశ్వరాజ్ జడేజా కూడా గుజరాత్‌లో చక్రాలతో మొదలుపెట్టి ఆ తర్వాతే ఐస్ మీదికి మారి నెదర్లాండ్స్‌లో శిక్షణ పొందాడు. ఈ దారిలో వెళ్లినవారు ఉన్నారని అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

అయితే ఐస్ మీద మొదటి వారం మాత్రం ఎంతటి పతక విజేతకైనా కష్టంగానే గడుస్తుంది. చక్రానికి నేల మీద పట్టు ఉంటుంది, కాలిని కాస్త వెనక్కి తోసినా అది శరీరాన్ని ముందుకు తీసుకెళుతుంది. బ్లేడు అలా కాదు, అంచు మీద నిలిచి నేరుగా పక్కకు తోస్తే తప్ప బలం పుట్టదు. పైగా షార్ట్ ట్రాక్‌లో ఒక చుట్టు 111.12 మీటర్లే, అదంతా అరవై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు ఉన్న హాకీ రింకులోనే ఇమిడిపోతుంది. 500 మీటర్లంటే నాలుగున్నర చుట్లు, 1000 మీటర్లంటే తొమ్మిది చుట్లు. అందులో దాదాపు సగం దూరం మలుపుల్లోనే ఉంటుంది కాబట్టి, ఎడమవైపుకు పూర్తిగా వాలి, చేతివేళ్లు ఐస్‌ను తాకుతూ ఉండగా అదే వేగాన్ని నిలుపుకోవడం రావాలి. మన రోడ్డు పోటీల్లో నేర్చుకున్న పొడవాటి అడుగులకు అక్కడ చోటే ఉండదు. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో అందరికంటే తొందరగా మారగలిగినవారు వేగంలో మొదటివారు కారు, మోకాళ్లు బాగా వంచి కిందికి కూర్చుని స్కేట్ చేయగలిగినవారే. కాబట్టి ఆ భంగిమను ఇప్పుడే, ఇంటి దగ్గరే సాధన చేయించడం మొదలుపెట్టండి. దానికి ఐస్ అక్కర్లేదు.

ఇంకొక విషయం చాలామంది తల్లిదండ్రులకు ఆలస్యంగా తెలుస్తోంది. రోలర్ స్కేటింగ్‌కు ఉన్న జాతీయ సమాఖ్య వేరు, ఐస్ స్కేటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేరు. చక్రాల మీద గెలిచిన పతకాల ఆధారంగా వింటర్ గేమ్స్‌కు పిలుపు రాదు, ఐస్ స్కేటింగ్ రాష్ట్ర సంఘంలో పేరు నమోదు చేయించుకుని, వారు పెట్టే ఎంపిక పోటీల్లో నిలబడాలి.

సమాధానం 2: క్రీడాభిమాని, విశాఖపట్నం

శిక్షకురాలు గారు చెప్పినవన్నీ నిజమే కావచ్చు, కానీ ఆ తండ్రికి ఉన్నమాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి. లద్దాఖ్, కశ్మీర్, హిమాచల్ పిల్లలు పుట్టినప్పటి నుంచి మంచులో ఆడుకుంటారు, వారి పక్కన సైన్యం జట్లూ, సరిహద్దును కాపాడే ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) జట్లూ ఉంటాయి. మనవాళ్లేమో ప్రాక్టీసుకు వెళ్లాలంటేనే రైలెక్కి వెయ్యి కిలోమీటర్లు దాటాలి. జాతీయ పోటీ అన్న పేరు పెట్టి ప్రతిసారీ ఉత్తరాదిలోనే జరిపితే, దక్షిణాది పిల్లలు అక్కడికి వెళ్లి సాధించేది ఏముంటుంది? ముందు మన రాష్ట్రాల్లో ఒక్కటైనా పూర్తిస్థాయి ఐస్ రింకు కట్టమని ప్రభుత్వాలను అడగాలి, పిల్లలను పంపే సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

సమాధానం 3: విశ్రాంత సైనిక వైద్య సహాయకుడు, ప్రకాశం జిల్లా

విశాఖ సోదరుడికి ముందు ఒక మాట. రింకు కట్టమని అడగాలన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ లేహ్ పిల్లలకు ఏదో పెట్టిపుట్టినట్లు అనుకోవడం సరికాదు. నేను సర్వీసులో ఉండగా అక్కడి శీతాకాలాన్ని చూశాను. రాత్రిళ్లు నేల మీద నీళ్లు పోసి, పొరమీద పొరగా గడ్డకట్టనిచ్చి, తెల్లవారాక దాని మీద ఆడుకునే పిల్లలు వాళ్లు. ఆ సహజమైన ఐస్ నిలిచేది ఏడాదిలో రెండు నెలలకు కాస్త అటూ ఇటూగా, అదీ చలి సరిగ్గా పడితేనే. ఆ కొద్దిపాటి కాలంలోనే హాకీ నేర్చుకున్న లద్దాఖ్ ఆడపిల్లలు ఎక్కువమందిగా ఉన్న భారత మహిళల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. లద్దాఖ్ 2019 అక్టోబర్ 31న కేంద్రపాలిత ప్రాంతం అయింది, ఆ శీతాకాలంలోనే, 2020లో, తొలి వింటర్ గేమ్స్‌కు ఆతిథ్యం ఇచ్చింది. పర్యాటకులు రాని కాలంలో, నీళ్ల గొట్టాలు కూడా గడ్డకట్టే చలిలో, దేశం నలుమూలల నుంచి వచ్చే పిల్లలకు వసతి, తిండి, వైద్యం ఏర్పాటు చేయడం చిన్న పని కాదు. ఇవే గేమ్స్‌లో స్కీయింగ్ జరిగే కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో అయితే 2025 ఫిబ్రవరిలో మంచు చాలక పోటీలను మార్చి 9కి వాయిదా వేయాల్సి వచ్చింది. ఉత్తరాదిలోనైనా మంచు అడిగినప్పుడు దొరికే వస్తువు కాదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇక అసలు ప్రశ్న. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే కాబట్టి, ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు కూడా ఆమేరకు తగ్గుతుంది. చలికాలంలో మనాలి దారి మూసుకుపోతుంది కనుక విమానంలోనే వెళ్లాలి. ఉదయం ఢిల్లీలో ఉన్న పిల్ల రెండు గంటలు గడవకముందే ఆ ఎత్తులో దిగుతుంది, శరీరం మెల్లమెల్లగా అలవాటుపడే వ్యవధి దొరకదు. అందుకే మొదటి 48 గంటలు పూర్తి విశ్రాంతి తప్పనిసరి. పరుగులు, వ్యాయామాలు, సాధన, ఏవీ ఉండకూడదు. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం చాలామందిలో కనిపిస్తాయి, విశ్రాంతితో తగ్గిపోతాయి. కానీ కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం రావడం, ఆగని దగ్గు, నడకలో తూలడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఒక్క గంట కూడా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. యువ సైనికుల్లో నేను చూసిన ప్రమాదమంతా ఒకచోటే ఉండేది: బాగాలేదని చెబితే తనను వెనక్కి పంపేస్తారన్న భయంతో దాచిపెట్టడం. పోటీకి వెళ్లే పిల్లల్లో కూడా ఆ భయమే ఉంటుంది. కాబట్టి పతకం కంటే నువ్వు నిజం చెప్పడమే మాకు ముఖ్యమని ఆమెకు బయలుదేరకముందే, తల్లీతండ్రీ ఇద్దరూ కూర్చోబెట్టి చెప్పండి.

మందు విషయంలో ఒక హెచ్చరిక. ఎత్తైన ప్రదేశాలకు వెళ్లేవారు డయామాక్స్ వేసుకోవడం మామూలే, తెలిసినవారు మీకు కూడా ఆ సలహా ఇస్తారు. కానీ అందులో ఉండే అసిటజోలమైడ్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన మందుల జాబితాలో, మూత్రవిసర్జనను పెంచే మందుల కింద ఉంది. యాత్రికుడు వేసుకుంటే తప్పులేదు, పోటీదారు ముందుగా వైద్య మినహాయింపు అనుమతి తీసుకోకుండా వేసుకుంటే పరీక్షలో దొరికిపోతుంది. అందువల్ల జట్టు వైద్యుడితో మాట్లాడకుండా ఏ మాత్రా ఇవ్వకండి, నిద్రమాత్రలు అసలే వద్దు. మీ ఆవిడ భయం అర్థం లేనిదేమీ కాదు, అయితే ఇన్ని జాగ్రత్తలు పాటిస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్ల అక్కడికి వెళ్లి రావడానికి అడ్డంకి ఉండదు.

సమాధానం 4: స్కేటింగ్ శిక్షకురాలు, హైదరాబాద్

విశాఖ నుంచి రాసిన వారి ఆవేదన నాకు తెలుసు, అదే ఆవేదన నాలోనూ ఉంది. కానీ ఫలితాలు చూస్తే కథ వేరుగా ఉంటుంది. ఐస్ హాకీలో లద్దాఖ్‌దీ సాయుధ బలగాలదీ పైచేయి, స్కీయింగ్ సంగతి కొండ ప్రాంతాలవారికీ సైన్యానికీ వదిలేయాలి. స్పీడ్ స్కేటింగ్‌లో మాత్రం మంచు ఎరుగని మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణల నుంచి వెళ్లిన పిల్లలు ముందు నిలుస్తున్నారు. వారికి చక్రాల మీద గట్టి పునాది ఉంది, ఏడాది పొడవునా కృత్రిమ రింకులకు వెళ్లి సాధన చేసుకునే స్తోమత కూడా ఉంది. లేహ్‌లో చెరువు మీద నేర్చుకునే పిల్లకు ఈ రెండోది లేదు, వరంగల్లో బండి మీద టిఫిన్లు అమ్ముకునే వారి పిల్లకూ లేదు. నన్ను బాధపెట్టేది ఈ తేడానే. ఉత్తరం, దక్షిణం అన్న తేడా కాదు. హనుమకొండ తండ్రి గారు ఖర్చు గురించి అడగలేదు గానీ, బూట్లు, బ్లేడ్లు, ప్రయాణాలు, రింకు రుసుములు కలిపితే అది తేలికైన భారం కాదని ముందే తెలుసుకోవడం మంచిది.

ప్రశ్న అడిగిన తండ్రి

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. డయామాక్స్ సంగతి నాకు అసలే తెలియదు, మా డాక్టరు గారు రాసిస్తానన్నారు కూడా. ఇంకొక్క సందేహం. అమ్మాయి వచ్చే ఏడాది పదో తరగతికి వస్తుంది. ఈ శీతాకాలమే ఎంపిక పోటీలకు పంపాలా, లేక ఆగాలా? ఖరీదైన బూట్లు ఇప్పుడే కొనమంటారా?

శిక్షకురాలు

ఈ శీతాకాలం ఎంపిక పోటీలకు తొందరపెట్టకండి. ముందు వేసవి సెలవుల్లో కొన్ని వారాలు డెహ్రాడూన్‌లోని హిమాద్రి రింకుకు తీసుకెళ్లండి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన ఆ రింకు ఏళ్ల తరబడి మూతపడి, 2025లో మళ్లీ తెరుచుకుంది, అదే సంవత్సరం ఆగస్టులో అక్కడ ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ పోటీ కూడా జరిగింది. వెళ్లేముందు ఫోన్ చేసి, సాధనకు ఏ వేళలు ఇస్తున్నారో కనుక్కోండి. గురుగ్రామ్‌లో ఒక మాల్‌లో ఉన్న రింకు దానికంటే చిన్నది, అయినా అంచుల మీద నిలబడటం నేర్చుకోవడానికి సరిపోతుంది.

బూట్లు ఇప్పుడే కొనకండి. ఆమె పాదం ఇంకా పెరుగుతుంది, షార్ట్ ట్రాక్ బూటు పాదానికి బిగుతుగా అతుక్కుని ఉండాలి, ఒక సైజు పెద్దది కొంటే మలుపులో మడమ కదిలి పడిపోతుంది. మొదట అద్దెకు తీసుకోండి, లేదా పాదం పెరిగి తమ బూట్లు వదిలేసిన పిల్లల దగ్గర కొనండి. హెల్మెట్, మెడకు కట్టుకునే రక్షణ పట్టీ, కోతకు తట్టుకునే దుస్తులు, మోకాలి కింద ఎముకకు కవచం, గట్టి చేతితొడుగులు, వీటిలో మాత్రం పొదుపు చూడవద్దు. పక్కవారి బ్లేడు తగిలితే ఏమవుతుందో నేను చూశాను.

లేహ్ పోటీల తేదీలు ప్రతి ఏడాదీ ఒకేలా ఉండవు. 2024లో ఫిబ్రవరి 2న మొదలయ్యాయి, 2025లో జనవరి 23న మొదలయ్యాయి. పదో తరగతి పరీక్షలకు గట్టిగా చదువుకునే కాలం కూడా అదే. అందువల్ల పదో తరగతి ఏడాది ఎంపిక పోటీల వరకే పరిమితం చేసుకుని, ఇంటర్ మొదటి సంవత్సరంలో లేహ్ వెళ్లడం లక్ష్యంగా పెట్టుకోండి. అప్పటికి ఆమె వయసు ఏ విభాగం కిందికి వస్తుందో ఆ ఏటి నిబంధనల్లో చూసుకోవాలి, జనన ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ పుట్టిన తేదీ ఒకటే ఉందో లేదో ఈ వారమే సరిచూడండి. ఎంపికైన తర్వాత ఆ తేడా బయటపడి ఆగిపోయిన పిల్లలు ఉన్నారు.