ఆరాధనలో ఆ మౌనం గంట మీరెలా గడుపుతారు?

అందరికీ నమస్కారం. మా క్యాథలిక్ విచారణలో, అంటే మా చర్చిలో, నెలనెలా మొదటి శుక్రవారం సాయంత్రం పూజ అయ్యాక గంటసేపు దివ్య సత్ప్రసాద ఆరాధన ఉంటుంది, అంటే క్రీస్తు శరీరంగా నమ్మే అప్పాన్ని అందరికీ కనబడేలా ఉంచి దాని ముందు ప్రార్థించడం. పాటలు, జపమాల నడిచినంతసేపు బానే ఉంటాను. మౌనం మొదలైందా, కళ్లు ధూపం పొగ వెనకున్న తెల్లటి అప్పం మీదే ఉన్నా బుర్ర మాత్రం కరెంటు బిల్లు దగ్గరికి పోతుంది. మొన్నైతే కునుకు పట్టేసింది, పక్కనున్న పిన్ని మోచేత్తో పొడిచింది! మీరు ఆ టైంలో ఏం చేస్తారు? సువార్త చదువుకోవచ్చా?

ఇంకో సందేహం. మా అమ్మమ్మ రెండు మోకాళ్లూ ఆనించి నుదురు నేలకు తాకిస్తుంది. ఒక్క మోకాలు వంచితే చాలని 1973 నాటి రోము నియమాల్లోనే ఉంది. నాకేమో మోకాళ్ల నొప్పి. గంటంతా కుర్చీలోనే కూర్చుంటే తప్పా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.