డైరెక్టర్‌గా సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయను?

జీడిమెట్ల హెచ్‌ఆర్:
అందరికీ నమస్కారం. చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో 11 ఏళ్లుగా హెచ్‌ఆర్ చూస్తున్నాను. మొత్తం 46 మందిమి. డైరెక్టర్లు ఇద్దరే, మా ఎండీ గారు, వాళ్ల తమ్ముడు. ఆస్తి గొడవలతో తమ్ముడు గారు పోయిన నెల రాజీనామా చేశారు. ప్రైవేట్ లిమిటెడ్‌కి కనీసం ఇద్దరు ఉండాలి కదా, "నువ్వు ఇంటిమనిషివమ్మా, పేరుకే, ఒక్క సంతకం" అంటూ ఎండీ గారు డీఐఆర్-2 ఫారం (డైరెక్టర్‌గా ఉండటానికి ఒప్పుకుంటున్నానని ఇచ్చే కాగితం) నా టేబుల్ మీద పెట్టి వెళ్లారు.

నన్ను తినేస్తున్నది ఇంకోటి. ఆర్డర్లు తగ్గాక, అయిదు నెలలుగా జీతాల్లో పీఎఫ్ కట్ చేస్తున్నాం గానీ కట్టడం లేదు. ఆ పే స్లిప్పులు తీసేది నేనే. మొన్న లేత్ మీద పనిచేసే ఆయన ఫోన్ పట్టుకుని వచ్చారు. వేళ్లకి ఆయిల్ మరకలు, స్క్రీన్ మీద ఉమాంగ్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆయన పీఎఫ్ పాస్‌బుక్. "మేడమ్, అయిదు నెలల నుంచి ఏమీ పడలేదు. అమ్మాయి పెళ్లికి పీఎఫ్ అడ్వాన్సు పెడదామనుకున్నా" అన్నారు. సర్వర్ ప్రాబ్లమ్ అయ్యుంటుందన్నాను. సరే మేడమ్ అని వెళ్లిపోయారు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు.

మా ఆయన పోయినప్పుడు నేను రెండు నెలలు ఆఫీసుకి రాకపోయినా జీతం ఆపని మనిషి ఎండీ గారు. కాదని ఎలా చెప్పను?

సీఎస్ (కంపెనీ సెక్రటరీ), విజయవాడ:
అమ్మా, సంతకం పెట్టకండి. చట్టంలో "పేరుకే డైరెక్టర్" అనేది లేదు. సంతకం పెట్టాక రేపు మీరు రాజీనామా చేసినా, పదవిలో ఉన్న రోజుల్లో జరిగిన తప్పులకు జవాబు చెప్పాల్సిందే. వరసగా మూడేళ్లు లెక్కలు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లను 2017లో 3 లక్షల మందికి పైగా అనర్హులుగా ప్రకటించారు, అయిదేళ్ల పాటు. అప్పుడు నా దగ్గరికొచ్చిన వాళ్లలో ఒకాయన ఓనర్ గారి కారు డ్రైవరు. తను డైరెక్టరన్న సంగతే మర్చిపోయాడు.

బ్యాంకు లోనుంటే, కంపెనీ కట్టకపోతే నేను కడతానని రాసిచ్చే పర్సనల్ గ్యారంటీ కాగితం కూడా మీ ముందుకు రావచ్చు. మీ సార్‌కి వేరే దారులున్నాయి. భార్యనో, మేజరైన పిల్లలనో తీసుకోవచ్చు. తమ్ముడి షేర్లు కొనేసి తనొక్కరే వాటాదారైతే వన్ పర్సన్ కంపెనీగా మార్చుకోవచ్చు, దానికి ఒక్క డైరెక్టర్ చాలు.

పేరోల్ పని, బాలానగర్:
డైరెక్టర్ సంగతి సీఎస్ గారు చెప్పేశారు. నేను పీఎఫ్ గురించి చెప్తా. జీతంలోంచి కోసిన వాటా కంపెనీది కాదు, ఆ మనిషిది. 15,000 బేసిక్ మీద నెలకి 1,800, అంటే మీ లేత్ ఆయన సొంత సొమ్మే 9,000 ఆగిపోయింది. తర్వాతి నెల 15వ తేదీ లోపు కట్టాలి. కోసి కట్టకపోతే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసవుతుంది. ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన డ్యామేజీలు.

మీ సార్‌కి ఇంకోటి చెప్పండి, ఓనర్లకి వెంటనే ఎక్కుతుంది. ఉద్యోగి వాటా పీఎఫ్ గడువు దాటి కడితే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోవడానికి లేదని 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇప్పటి రూల్ ఏంటో ఆడిటర్‌ని అడగమనండి.

ఉప్పల్ హెచ్‌ఆర్:
అక్కా, ఆ సర్వర్ మాట ముందు సరిదిద్దుకోండి. ఆయన్ని పిలిచి నిజం చెప్పండి. మీ సార్ మీకు చేసిన మేలు నిజమే, కానీ అది ఆయన డబ్బుతో చేశారు. ఇప్పుడు మీరు బదులు తీరుస్తున్నది లేత్ ఆయన డబ్బుతో. నోటితో చెప్పి ఊరుకోకండి, నెలలవారీగా బాకీ రాసి, తేదీ వేసి మెయిల్ పెట్టండి.

జీడిమెట్ల హెచ్‌ఆర్:
పొద్దున టిఫిన్ టైమ్‌లో లేత్ ఆయనకి నిజం చెప్పాను, తప్పయిందన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "పెళ్లి మాఘంలో మేడమ్, అప్పటికి పడుతుందా" అని మాత్రం అడిగారు. మధ్యాహ్నం ఫారం ఎండీ గారికి తిరిగిచ్చేశాను, బాకీ లెక్క మెయిల్ చేశాను. కోప్పడతారనుకున్నా. కళ్లజోడు తీసి, "మొత్తం ఎంతైంది?" అన్నారు. ఉద్యోగుల వాటా, కంపెనీ వాటా రెండూ కలిపి 8 లక్షలు దాటిందని చెప్పాను. రేపు పదకొండింటికి ఆడిటర్ గారిని రమ్మన్నారు, నన్నూ కూర్చోమన్నారు.